చూశాను అన్న మాట

పాత ఆఫీసులో ఆమెను హెడరమ్మ అనేవారు. పెట్టినవాళ్ళు వెక్కిరింపుకే పెట్టారు గానీ ఆమెకు అది బిరుదులా వినపడేది. ఈమెయిల్లో మనందరం చదివేది లోపలి సంగతి. దాని నెత్తిన మన కంటికి ఆనని వరసలు కొన్ని ఉంటాయి. ఎవరు రాశారు, ఇది ఏ మెయిలుకు జవాబు, తిరిగి జవాబు రాస్తే ఎక్కడికి పోవాలి అని చెప్పే వరసలవి. వాటినే హెడర్లంటారు. ఉన్నాయని కూడా ఎవరికీ తెలియని ఆ వరసలను కళ్ళలో వత్తులు వేసుకుని చూడడమే ఆమె ఉద్యోగం.

ఆమె, ఆమె అన్నయ్య కలిసి ఒక లైబ్రరీ రాశారు. లైబ్రరీ అంటే పుస్తకాలదనుకునేరు. మెయిలు పంపే ప్రోగ్రాము ఎవరు తయారు చేసుకున్నా, అందులో పెట్టుకుని వాడుకోవడానికి సిద్ధంగా రాసి ఉంచిన సరుకు అది. కాలేజీలు, బ్యాంకులు, ఆసుపత్రులు వాడుతున్నాయి. అన్నయ్య అంటే తోడబుట్టినవాడు కాదు. మొదటి ఉద్యోగంలో పక్క కుర్చీలో కూర్చుని, ఆమెకు పని రాదని పైవాళ్ళకు తెలిసేలోపే పని నేర్పిన మనిషి. ఇంట్లో ఆడపిల్లలే కావడం వల్లో ఏమో, ఆమె ఆ పిలుపును చటుక్కున అందుకుంది. తర్వాత ఇద్దరూ ఆ ఉద్యోగం వదిలేసి, రెండు గదులు అద్దెకు తీసుకుని సొంతంగా పెట్టుకున్నారు. ముందు గదిలో ఆమె, వెనక గదిలో ఆయన. మధ్య తలుపు సరిగ్గా పడేది కాదు, పడాలని ఇద్దరిలో ఎవరికీ ఉండేది కాదు.

వాళ్ళకొక పద్ధతి ఉంది. ఒకరు రాసింది రెండోవాళ్ళు వరస వరసా చదివి కింద "చూశాను" అని రాస్తే తప్ప బయటికి పోకూడదు. పెద్ద కంపెనీల్లో దీనికి నానా హంగామా ఉంటుంది. వీళ్ళకు మాత్రం ఆ ఒక్క మాటే తాళం, అదే తాళంచెవి. హెడరమ్మ, అన్నయ్య రాసింది చదివిందంటే చుక్క కూడా వదిలేది కాదు, తప్పు దొరికితే మధ్య తలుపులోంచే కేకేసేది. ఆయన మాత్రం ఆమె రాసిన దాంట్లో తప్పు పట్టడం తక్కువ. తాను అంత బాగా రాస్తోందని మురిసిపోయేది వెర్రిబాగులది. "నేను కునికిపాట్లు పడుతూ రాసినా తప్పు అన్నయ్య కళ్ళు దాటి పోదు" అని చెల్లెలి దగ్గర గొప్పలు కూడా పోయేది.

ఆ లైబ్రరీలో ఆమె ప్రాణమంతా ఒక్క చోట ఉంది. జవాబు ఎవరికి వెళ్ళాలి అన్న చోట. గుంపుకు, అంటే ఒకే అడ్రసు కింద ఉన్న నలుగురికీ, ఒక మెయిలు వచ్చిందనుకోండి. గుంపును నడిపే యంత్రం దాని హెడర్లో తనంత తానే ఒక వరస ఇరికిస్తుంది, జవాబులన్నీ గుంపుకే పంపండి అని. రాసిన మనిషికి ఆ సంగతి తెలియదు, చదివే మనిషికీ తెలియదు. హెడరమ్మ లైబ్రరీ ఆ వరసను పట్టుకుని, ఇది మనిషి పెట్టింది కాదు యంత్రం పెట్టింది అని తేల్చుకుని, పక్కన పడేసేది. జవాబు రాసిన మనిషికే పోయేది. అందరికీ పంపాలనుకున్నవాళ్ళకు ఎలాగూ వేరే బటను ఉంది. ఒకరి చెవిలో చెప్పాల్సిన మాట నలుగురి చెవినా పడ్డాక దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి తరం కాదని ఆమె వాదన. దీని మీద అన్నయ్యతో ఒకసారి వారం పాటు పోట్లాడి, గెలిచి, ఆ వారమంతా వండిపెట్టనందుకు ఇంట్లో మాటపడింది.

చెల్లెలు ఒక పెద్దాసుపత్రిలో నర్సు. ఆ ఆసుపత్రి మెయిలు నడిచేది కూడా ఈ లైబ్రరీ మీదే. అది తలుచుకుంటే హెడరమ్మకు చెల్లెలి వార్డులో తానూ ఒక మూల నిలబడ్డట్టే ఉండేది.

ఒకరోజు మధ్యాహ్నం చెల్లెలి ఫోను. వార్డులో ఒక రోగికి మందు మోతాదు మించి పడింది. మనిషి దక్కాడు గానీ గొడవయింది. మేట్రన్ వార్డు గుంపుకు మెయిలు పెట్టింది, ఎవరికైనా తెలిస్తే నాకు ఒక్కదానికే రాయండి, బయటికి పొక్కనివ్వను అని. చెల్లెలికి తెలుసు. ఆ పూట డ్యూటీ డాక్టరు వార్డు మొహం చూడలేదు, ఇంట్లో కూర్చుని ఫోన్లో మోతాదు చెప్పాడు, అదీ తప్పు చెప్పాడు. రాయాలని ఉంది. ఆ గుంపులో ఆ డాక్టరూ ఉన్నాడు, అదీ భయం.

"రిప్లై కొడితే ఆవిడకే వెళ్తుంది కదక్కా? అందరికీ పోదు కదా?" అంది చెల్లెలు.

"ఆవిడకే వెళ్తుందే. ఆ రిప్లై రాసింది ఎవరనుకున్నావ్? నిశ్చింతగా కొట్టు" అంది హెడరమ్మ. అని, నవ్వింది కూడా.

చెల్లెలు కొట్టింది. కొట్టిన మరుక్షణం వార్డులో ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారి కూశాయి. నర్సులకు వెళ్ళింది, ఆయాల మీద పెత్తనం చేసే సూపర్‌వైజరుకు వెళ్ళింది, డాక్టరుకు వెళ్ళింది. సాయంత్రానికల్లా డాక్టరు ఫిర్యాదు రాసి ఇచ్చాడు. నన్ను నలుగురిలో అల్లరి పెట్టాలని కావాలనే అందరికీ పంపింది అని. చెల్లెల్ని డ్యూటీకి రావద్దన్నారు. విచారణ పెడతామన్నారు. తేలాల్సిందల్లా ఒకటే. కావాలని పంపిందా, పొరపాటున వెళ్ళిందా? కావాలని పంపిందని తేలితే ఉద్యోగం ఊడినట్టే, ఇంకో ఆసుపత్రి గుమ్మం కూడా తొక్కనివ్వరు.

హెడరమ్మకు ముందు తన మీదే అనుమానం వచ్చింది. ఎక్కడో తానే ఏదో తప్పు చేసి ఉంటుందనుకుని, ఆ జవాబు వెళ్ళే చోటు తెరిచి చూసింది. తాను రాసింది అక్కడ లేదు. యంత్రం ఇరికించిన వరసను పట్టుకునే భాగం మొత్తం ఎత్తేసి ఉంది. హెడర్లో ఎక్కడికి పంపమంటే కళ్ళు మూసుకుని అక్కడికి పంపమని రాసి ఉంది. రాసింది అన్నయ్య. కింద ఆమె పేరు, పక్కన "చూశాను".

ఇక్కడే ఆ మనిషి అమాయకత్వం చూడండి. అన్నయ్య అబద్ధం రాశాడని ఆమెకు తట్టలేదు. తానే చూసి మరిచిపోయిందేమో అనుకుంది. ఏ పూట చూశాను, నిద్రమొహంతో చూశానా, ఇంత పెద్ద మార్పును ఎలా ఒప్పుకున్నాను అని కుర్చీలో కూర్చుని తన బుర్రను తానే కడిగింది. ఆయన మీద ఉన్న నమ్మకం ముందు సొంత జ్ఞాపకం కూడా ఆమెకు చులకనైపోయింది. చివరికి లేచి వెనక గదిలోకి వెళ్ళి, చిన్నగా అడిగింది.

"అన్నయ్యా, రిప్లై మార్చినప్పుడు నేను చూశానా?"

ఆయన స్క్రీను మీంచి తల తిప్పలేదు. "నీ పేరు ఉంది కదా చెల్లాయ్."

"పేరుంది. నేను చూశానా?"

అప్పుడు తిరిగాడు. తర్వాత మెల్లగా చెప్పుకొచ్చాడు. ఒక పెద్ద క్లయింటు గుంపులో జవాబులు అందరికీ వెళ్ళాలని పట్టుబట్టాడట. మార్చకపోతే వేరే లైబ్రరీ చూసుకుంటానన్నాడట. ఆమెకు చెబితే మళ్ళీ వారం యుద్ధం, అంత టైము లేదు. పైగా అప్పట్లో ఆమె అమ్మకు ఆపరేషను, హెడరమ్మ ఆసుపత్రి బల్ల మీద కూర్చుని ఉంది.

"ఆ రోజు నువ్వేమన్నావ్? మీరు చూస్తే నేను చూసినట్టే అన్నయ్యా, నా పేరు పెట్టేయండి అన్నావా లేదా?"

అన్న మాట నిజమే. లోపల అమ్మకు మత్తు ఇస్తుంటే, ఏదో చిన్న అచ్చుతప్పు సరిచేయడానికి ఆయన ఫోను చేస్తే అంది. ఆ ఒక్క పూటకు అన్న మాట. దాన్ని ఆయన జేబులో వేసుకుని తిరుగుతున్నాడని ఆమెకు ఇప్పుడు తెలిసింది.

"ఇదొక్కటేనా, ఇంకా ఉన్నాయా?" అంది.

ఆయన మధ్య తలుపు వైపు చూశాడు. ఆ చూపుతో ఆమెకు సంగతి అర్థమైంది. ఇన్నాళ్ళుగా తన పేరు కింద ఉన్న "చూశాను"లలో ఏది తనదో, ఏది కాదో ఇక ఎప్పటికీ తేలదు. ఆమెకు కోపం కంటే ముందు సిగ్గు వేసింది, మన ఇంట్లో మనకు తెలియకుండా ఇంకెవరో తిరుగుతున్నారని తెలిస్తే వేసే సిగ్గు.

చెల్లెలి సంగతి చెప్పేసరికి మాత్రం ఆయన మొహం పాలిపోయింది. కుర్చీలోంచి లేచాడు. తప్పు నాది అన్నాడు. ఆసుపత్రికి నేనే రాస్తాను అన్నాడు. "నువ్వు రాస్తే సొంత చెల్లెలి కోసం రాసుకున్నట్టుంటుంది, ఎవరూ నమ్మరు. నేను రాస్తే లెక్కలోకి వస్తుంది. రిప్లై మా లైబ్రరీ వల్లే అందరికీ పోయింది, ఆ పిల్ల తప్పేం లేదు అని కుండబద్దలు కొట్టినట్టు రాస్తాను. నువ్వెళ్ళి చెల్లెలి దగ్గర కూర్చో" అన్నాడు. మాట సబబుగానే ఉంది. కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి.

ఆమె మళ్ళీ నమ్మింది. మీరు నవ్వుకోవచ్చు, నమ్మినవాళ్ళను చూసి నవ్వడం తేలిక. అన్నయ్యా అని అన్నేళ్ళు పిలిచిన నోరు ఒక్క సాయంత్రంలో పిలుపు మార్చుకోలేదు.

చెల్లెలి ఇంటికి వెళ్ళి, జరిగింది ఉన్నదున్నట్టు చెప్పింది. నీ తప్పు లేదని అన్నయ్యే రాసి పంపుతున్నాడు, విచారణలో అది చదివితే చాలు అంది. చెల్లెలు ఉతికిన యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూ విని, మొదటిసారి కాస్త తెరిపిన పడింది. మళ్ళీ డ్యూటీకి వెళ్ళేటప్పుడు వేసుకోవచ్చని ఆ బట్టలను తలుపు వెనక తగిలించింది.

విచారణ ఆసుపత్రి ఆఫీసు గదిలో పెట్టారు. పొడుగాటి బల్ల, మధ్యలో మంచినీళ్ళ సీసాలు. ఒక పక్క పరిపాలన చూసే ఆఫీసరు, మేట్రన్. ఎదురుగా డాక్టరు, రెండు కుర్చీలు వదిలి చెల్లెలు. లైబ్రరీ తరఫున మాట్లాడడానికి హెడరమ్మను రానిచ్చారు. ఆఫీసరుది నాలుగు మాటలకొకసారి వాచీ చూసుకునే రకం. కళ్ళజోడు సవరించుకుని, లైబ్రరీవాళ్ళ నుంచి వచ్చిన జవాబు చదివాడు.

మా లైబ్రరీలో ఏ లోపమూ లేదు, అనుకున్నట్టే పనిచేస్తోంది, జవాబు ఎవరికి వెళ్ళాలో చూసుకుని పంపాల్సిన బాధ్యత వాడేవారిదే అని ఉంది అందులో. కింద అన్నయ్య పేరు. దాని కింద హెడరమ్మ పేరు, పక్కన "చూశాను".

లోపం ఉందని ఒప్పుకుంటే మిగతా క్లయింట్లందరూ మీద పడతారని అన్నయ్య భయం. అది హెడరమ్మకు వెంటనే అర్థమైంది. అర్థమై ఒరిగిందేమీ లేదు. మోసపోవడం ఒక ఎత్తు, తన పేరుతోనే తన చెల్లెలి గొంతు కోయించడం ఒక ఎత్తు. ఆమె చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు ఆమె వైపు చూడడం లేదు, ఆఫీసరు చేతిలో ఉన్న కాగితం అడుగున ఉన్న ఆ పేరు వైపే చూస్తోంది.

"ఇది నేను చూడలేదండీ. ఆ మాట నాది కాదు" అంది హెడరమ్మ.

"మీ పేరే కదమ్మా ఉంది" అన్నాడు ఆఫీసరు.

"నా పేరే. నేను పెట్టలేదు."

డాక్టరు చిన్నగా నవ్వాడు. అక్కా చెల్లెళ్ళు బాగానే కూడబలుక్కున్నారన్నట్టుంది ఆ నవ్వు. ఆఫీసరు వాచీ చూసుకున్నాడు. ఏ కాగితం మీద ఉన్నది మీ మాటో, ఏది కాదో మేమెలా తేల్చుకోవాలమ్మా అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే.

ఇక తన మాటతో పని జరగదని ఆమెకు అర్థమైంది. అందుకని మాటలు మానేసి ఒక్కటే అడిగింది. మేట్రన్ గారిని ఇప్పుడు వార్డు గుంపుకు ఏదైనా ఒక మెయిలు పెట్టమనండి, దానికి మీరే రిప్లై కొట్టండి, అందరికీ బటను ముట్టుకోకండి, అంది. ఆఫీసరు విసుక్కున్నాడు గానీ, వద్దనడానికి కారణం దొరకలేదు. ఆ కాగితంలో లోపం లేదని రాసి ఉంది కదా, ఆయన ధీమా ఆయనది. మేట్రన్ ఫోను తీసి ఏదో పెట్టింది. ఆఫీసరు ఎదురుగా ఉన్న కంప్యూటరులో అది తెరిచి, రిప్లై నొక్కాడు. పైన మేట్రన్ పేరు ఒక్కటే కనపడుతోంది. రెండు వేళ్ళతో టకటకా కొట్టి పంపించాడు.

బల్ల మీద మేట్రన్ ఫోను మోగింది. దాని పక్కనే డాక్టరు ఫోను మోగింది. చెల్లెలి చేతి సంచిలోంచి మోగింది. అద్దాల తలుపు అవతల నడవాలో ఒకటి, ఆపైన నర్సులు కూర్చునే చోట వరసగా ఇంకొన్ని.

డాక్టరు చూసుకుని, ఫోను బోర్లించి పెట్టేశాడు. మేట్రన్ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఆఫీసరు మేట్రన్‌కు ఒక్కదానికే అనుకుని రాసిన మాట ఇది: "ఈ అక్కాచెల్లెళ్ళ గోల నాకొద్దు, డాక్టరుగారిదే తప్పని నాకూ తెలుసు, ఏదో ఒకటి రాసేసి లేద్దాం, ఆకలేస్తోంది."

నడవాలో ఎవరో ఫక్కున నవ్వి, దగ్గుగా మార్చుకున్నారు. ఆ తర్వాత ఆ గదిలో ఎవరూ కావాలని పంపిందా అని అడగలేదు. చెల్లెల్ని మర్నాటి నుంచి డ్యూటీకి రమ్మన్నారు. డాక్టరు సంగతి వేరే చూస్తామన్నారు.

బయటికి వచ్చాక హెడరమ్మ చెల్లెలి భుజం మీద చెయ్యి వేసింది. చెల్లెలు తోసేయలేదు, దగ్గరికి జరగనూ లేదు. మెట్ల దగ్గర ఆగి, నేల చూస్తూ అంది.

"నీ పేరు చదవగానే నువ్వే రాశావనుకున్నానక్కా. ఒక్క క్షణం కూడా పట్టలేదు, నమ్మేశాను. పనికోసం నన్ను వదిలేశావనుకున్నా."

"నేను కాదే."

"తెలిసిందిగా ఇప్పుడు." చెల్లెలు సంచి సర్దుకుంది. "మేట్రన్‌గారికి థాంక్స్ చెప్పాలి. ఒక్కావిడకే పంపాలంటే ఏం చేయాలక్కా?"

రిప్లై కొట్టు అనబోయి హెడరమ్మ ఆగిపోయింది. ఆ ఒక్క బటను కోసం ఎంత పోట్లాడిందో ఆమెకే తెలుసు.

"అడ్రసు నువ్వే టైపు చేసుకో. దేన్నీ నమ్మకు" అంది. అంటుంటే ఏడుపొచ్చింది. చెల్లెలి ముందు దాచుకోకుండా ఏడ్చింది.

నేరుగా ఆఫీసుకు వెళ్ళింది. వెనక గది తలుపు మొదటిసారి పూర్తిగా మూసి ఉంది. లోపలి నుంచి కీబోర్డు చప్పుడు వినపడుతోంది. తలుపు కొట్టి నాలుగూ దులిపేయాలనే వచ్చింది దారి పొడవునా మాటలు కూర్చుకుంటూ. తీరా గడప దగ్గర నిలబడితే, ఆయన ఏం చెబుతాడో అంతా ముందే వినపడినట్టయింది. మన ఇద్దరి కోసమే చేశాను చెల్లాయ్ అంటాడు. మళ్ళీ కళ్ళు తడి చేసుకుంటాడు. మళ్ళీ నమ్ముతుందేమో అని తన మీద తనకే భయం వేసి, వెనక్కి వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

పని మొదలుపెట్టింది. ఎత్తేసిన భాగాన్ని మళ్ళీ తెచ్చి పెట్టింది. యంత్రం ఇరికించిన వరసను పట్టుకోవడం, పక్కన పడేయడం, జవాబు రాసిన మనిషికే పంపడం, అంతా తిరిగి వరస వరసా రాసింది. మొత్తం పొడుగ్గా వచ్చింది. ఆ మార్పు నడిమధ్యన, ప్రోగ్రాము పట్టించుకోకుండా మనుషులు చదువుకోవడానికి రాసుకునే వరసలుంటాయి కదా, అలాంటివి మూడు వరసలు రాసింది.

ఈ రోజుతో నేను వెళ్ళిపోతున్నాను. ఇకముందు నా పేరు పక్కన చూశాను అని ఎక్కడ కనపడినా అది నాది కాదు. ఇది చదివితే బయటికి వచ్చి ఒక్క మాట నాతో మాట్లాడండి అన్నయ్యా.

మూడో వరస రాయకూడదనుకుంది. రాసింది. చదువుతాడు, చదివాక బయటికి రాకుండా ఉండలేడు అనే అనుకుంది. ఆయన చేసింది ఎంత పాడుపని అయినా, తాను రాసినవన్నీ ఇన్నేళ్ళూ వరస వరసా చదివిన మనిషి కదా. పద్ధతి ప్రకారం వెనక గదికి పంపి, తలుపు వైపు చూస్తూ కూర్చుంది.

కీబోర్డు చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలైంది. తలుపు తెరుచుకోలేదు. ఆమె స్క్రీను మీద జవాబు వచ్చి పడింది.

"చూశాను. చాలా బాగా రాశావు చెల్లాయ్."